మూడు గంటలకు గోడ పగలడం ఎవరు చూశారు?

ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల్లో బ్లాస్టింగ్‌ను తిట్టేవాళ్లకు సైన్సు తెలియదు!

ఫిజిక్స్ పెద్దలు ఏమంటారు? రెండు సంగతులు ఒకే క్షణంలో జరిగాయని అందరి చేతా ఒప్పించలేమంటారు. ప్లాట్‌ఫారం మీద నిల్చున్నవాడికి ఒకేసారి జరిగినవి, రైల్లో పోయేవాడికి ముందూ వెనకా జరిగినట్టు తోస్తాయట. పాపం, వాళ్లెవరూ గోదావరిఖని వచ్చి మా వాడలో ఒక్క మధ్యాహ్నమైనా గడపలేదు.

మా పక్క గనిలో రోజూ మూడింటికి బ్లాస్టింగ్. దానికి ముందు సైరన్ మోగగానే అందరం ఇళ్లు వదిలి బయటికి రావాలని రూలు. నైటు షిఫ్టు చేసొచ్చి పడుకున్నవాడు, సగం జడ వేసుకున్న పిల్ల, పొయ్యి మీద చారు పెట్టిన ఇల్లాలు, అందరూ రోడ్డు మీదే! పక్కింటి సుసన్నా టీచరూ మా ఆవిడా నాలుగేళ్లుగా మాట్లాడుకోరు. సైరన్ పుణ్యమా అని ఇప్పుడు రోజూ పక్కపక్కన నిల్చుని మరీ మాట్లాడుకోరు.

అంతలో ధన్! ముప్పై ఇళ్లలో గిన్నెలు ఒకేసారి దొర్లుతాయి. నిరుడు సకల జనుల సమ్మెలో పనులు ఆగినన్నాళ్లూ మాకు టైమే తెలియలేదంటే నమ్మండి.

ఎదురింటి పోశం ముప్పై మూడేళ్లు భూమి లోపల బొగ్గు తవ్వి, భూమి మీద రెండు గదులు కట్టుకున్నాడు. మొన్న పేలుడయ్యాక లోపలికి వెళ్తే, గోడ చెయ్యి దూరేంత పగిలి ఉంది. దరఖాస్తు పట్టుకుని గని ఆఫీసుకు పోయాడు. తోడుగా నేనూ వెళ్లాను.

అక్కడి అధికారి గొప్ప తాత్వికుడు. "బ్లాస్టింగ్ మూడింటికి అయింది, కాదనను. గోడ కూడా అప్పుడే పగిలిందని ఎవరు చూశారు?" అన్నారు.

"అందరం బయటున్నం గద సార్. మీరే బయటికి పొమ్మంటిరి."

"అంటే చూడలేదు. రెండు గంటలకే పగిలి ఉండొచ్చుగా!"

ఏం తర్కం! నేను మురిసిపోయాను. పోశం మురవలేదు. వానలు దగ్గర పడ్డాయి. ఆ గోడ పక్కనే మనవరాలు హర్షిణి మంచం.

పోశం భార్య లస్మవ్వకు మాత్రం సైన్సు వెంటనే తలకెక్కింది. "రేపు సైరన్ మోగితే నేను బయటికి రాను. గోడకు ఎదురుంగ కూసుంట. మళ్లెప్పుడు పలిగితే గప్పుడే చూసి చెప్త."

"పిచ్చి లేసిందా నీకు? మీద పడ్తే?"

"పడితే గప్పుడన్న నమ్ముతరు."

ఎంత బతిమాలినా వినలేదు. ఇవాళే గోడకెదురుగా కుర్చీ వేసుకుంది, గడియారం ఒళ్లో పెట్టుకుంది. నాకు నిజంగానే భయంగా ఉంది.

అయ్యా అధికారిగారూ! ఇంటి మనిషి సాక్ష్యం చెల్లదని మీరు అనకముందే మనవి. లస్మవ్వ పక్కన ఇంకో కుర్చీ వేశాం. రేపు సైరన్ మోగగానే మేమంతా బయటికి వస్తాం. తమరు లోపలికి దయచేయండి.