తిన్నదానికి గడి లేదు

"తినడానికి పండించుకునేవాడు రైతు కాడు. అమ్మడానికి పండించేవాడే రైతు" అని వ్యవసాయ మంత్రిగారు ప్రకటించారు. ఆ మాట అందరికంటే ముందు నా చెవినే పడింది, మైకు సెట్టు నాదే కనుక. ఎవరి పంట వాళ్లే తింటూ కూర్చుంటే దేశం ఎప్పుడు బాగుపడుతుందని ఆయన బాధపడ్డారు. ఇకమీదట వరసగా మూడు పంటలు ఏమీ అమ్మని పొలాన్ని బీడుగా రాస్తామనీ, బీడంటే సర్కారుదేననీ చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. మా పిన్ని కూడా కొట్టింది. పక్కామె కొడుతోందని కొట్టిందట.

పిన్నికి ఎకరంపావు ఉంది. జొన్న, సాళ్ల మధ్య అలసంద, కంచెకు గుమ్మడి, బావి పక్కన నాలుగు వరసల టమాటా. ఇరవై ఏళ్లుగా ఆరుగురు అదే తిని బతుకుతున్నారు. ఇంత వెనకబాటుతనం ఊళ్లో ఇంకెవరికీ లేదు.

వారం తిరక్కుండా ఆఫీసరుగారు ఫారం పట్టుకొచ్చి గట్టుమీద రుమాలు పరుచుకు కూర్చున్నారు.

"ఏమ్మా, మూడు పంటల్లో ఎంత అమ్మావు?"

"అమ్మలేదు బాబూ, తిన్నాం."

"తిన్నదానికి గడి లేదమ్మా."

"గడి లేకపోతేనేం, గిన్నె ఉందిగా."

"అలా కాదు. జొన్నలు అమ్మెయ్యాలి."

"అమ్మేసి ఏం తినాలి?"

"కొనుక్కోవాలి."

"ఏం కొనుక్కోవాలి?"

"జొన్నలే."

పిన్ని ఆయన వంక జాలిగా చూసింది. ఆయన కళ్లజోడుకు తగులుతున్న జొన్నకంకిని పక్కకు నెట్టి, దిగుబడి సున్నా అని రాసుకున్నారు. నిజాయితీపరుడు, గడి దాటి ఒక్క అక్షరం రాయడు.

నా పోరు పడలేక పిన్ని ఒక బస్తా బజారుకు మోయించింది. "లారీ నిండా ఉంటే రా, చిల్లర బేరాలు చెయ్యం" అన్నాడు షావుకారు. బస్తా మళ్లీ ఇంటికొచ్చింది, మోత కూలి దండగ. ఇక మిగిలింది మంత్రిగారి కాళ్లే.

మంత్రిగారు ఉత్తమ రైతుని చూడ్డానికి వచ్చారు. ఉత్తమ రైతంటే మా బావే, పిన్నికి మేనల్లుడు. పదెకరాలు, మొత్తం టమాటా, ఒక్కటి కూడా ఇంటికి పోదు. పిన్ని అర్జీ పట్టుకుని, ఒళ్లో నాలుగు టమాటాలు కట్టుకుని ఓ మూల నిలబడింది. ఫొటో కోసం మంత్రిగారు బావ చేలో ఓ పండు తెంపి నోటి దాకా తీసుకెళ్లారు. బావ గబుక్కున చెయ్యి పట్టేసుకున్నాడు.

"సార్, వద్దు. అవి అమ్మడానికండీ."

"ఒక్కటేగా."

"పొద్దున్నే మందు కొట్టానండీ."

"మరి నువ్వేం తింటావయ్యా?"

బావ తల గోక్కున్నాడు. "మా అత్త చేలోంచి తెచ్చుకుంటానండీ."

పిన్ని ఒడి విప్పింది. మంత్రిగారు ఒకటి ఫొటో కోసం తిన్నారు, మూడు ఫొటో అయిపోయాక తిన్నారు. అర్జీతో చెయ్యి తుడుచుకుని, "నీ పొలం సంగతి నేను స్వయంగా చూసుకుంటానమ్మా" అన్నారు. మర్నాడు పేపర్లో ఆ ఫొటో కింద 'వాణిజ్య పంట విజయం' అని వేశారు.

మంత్రిగారు మాట తప్పలేదు. నెలలోపే పొలాన్ని బీడుగా రాసి, చుట్టూ ముళ్లకంచె వేసి, 'ప్రత్యేక క్షేత్రం' అని బోర్డు పెట్టారు. పిన్నికి అక్కడే రోజుకూలీ పని ఇచ్చారు. అదే జొన్న, అదే అలసంద, ఆ నాలుగు వరసల టమాటా. దేన్నీ మార్చొద్దని, మందు చుక్క పడకూడదని రాతపూర్వకంగా ఉత్తర్వు. రోజూ పొద్దున్నే ఒక జీపు వచ్చి బుట్టలు ఎక్కించుకుని మంత్రిగారి బంగళా వైపు వెళుతుంది.

మొన్న పని దిగి వస్తూ పిన్ని రెండు టమాటాలు ఒళ్లో వేసుకుంది. గేటు దగ్గర కాపలావాడు ఆపాడు. పాపం, మర్యాదస్తుడు.

"అవి అమ్మేవి కావు పెద్దమ్మా, తినేవి. బుట్టలో పెట్టెయ్."