ఓడిపోయే అర్హత

ఓడిపోవడానికి కూడా అర్హత ఉండాలని నాగరిక ప్రపంచం ఎట్టకేలకు గుర్తించింది. కాలేజీ ఫుట్‌బాల్ విభాగాల పునర్వ్యవస్థీకరణ మండలి ఈ సంగతిని లావుపాటి పుస్తకంగా అచ్చువేసి అందరికీ పంపింది. (అట్ట మీద నవ్వుతున్న ఆటగాళ్లంతా పెద్ద విశ్వవిద్యాలయాల వాళ్లే.)

అంతవరకు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని వోల్డెన్ కాలేజీ ఏ అర్హతా లేకుండానే సుఖంగా ఓడిపోతూ వచ్చింది. ఏటా సెప్టెంబరులో దాని జట్టు బస్సెక్కి ఓ పెద్ద విశ్వవిద్యాలయానికి వెళ్లేది. లక్షమంది ఎదుట చిత్తుగా ఓడి, అందుకుగాను వాళ్లు ముందే ఒప్పుకున్న చెక్కు పుచ్చుకుని తిరిగొచ్చేది. ఆ చెక్కుతోనే కుస్తీవాళ్లకు పరుపులు, పరుగువాళ్లకు బూట్లు, మార్లిస్ హౌగీ ఈతకొలనుకు వెచ్చని నీళ్లు. ఆడపిల్లల ఈత జట్టుకు కోచ్ అయిన మార్లిస్ కృతజ్ఞత తెలిసిన మనిషి. బస్సు తిరిగొచ్చే వేళకు మాంసం, బంగాళాదుంపలు వేసి పెద్ద ట్రే నిండా హాట్‌డిష్ వండి, దెబ్బలు తిన్న కుర్రాళ్లకు దగ్గరుండి వడ్డించేది. ఎంత ఘోరంగా ఓడితే అంత ఆప్యాయంగా వడ్డిస్తుందని గిట్టనివాళ్లు అనేవారు.

కొత్త నిబంధన ప్రకారం పెద్ద జట్లు ఇకమీదట ఎవరిని పడితే వారిని ఓడించడానికి వీల్లేదు. అంతకుముందు ఏడాది సగానికి మించి ఆటలు గెలిచినవాళ్లనే ఓడించాలి. వోల్డెన్ సగం ఆటలైనా ఎప్పుడు గెలిచిందో ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. క్రీడల డైరెక్టర్ డ్వేన్ ట్రోస్టెల్ బుర్ర బద్దలు కొట్టుకుని, ఓడాలంటే ముందు గెలవడం నేర్చుకోవాలని తేల్చాడు. గెలవాలంటే కండలు కావాలి, కండలకు వ్యాయామశాల కావాలి, వ్యాయామశాలకు చోటు కావాలి. చోటు ఈతకొలనులో ఉంది. (అప్పటిదాకా అందులో నీళ్లున్నాయి.)

మార్లిస్‌కు ఒళ్లు మండిపోయింది. నేరుగా డైరెక్టర్ గదిలోకి వెళ్లింది.

"వాళ్లు ఓడేదే మా పిల్లల నీళ్ల కోసం కదా డ్వేన్. ఇప్పుడు వాళ్లు ఓడటం కోసం ఆ నీళ్లే తీసేస్తానంటావేంటి?"

"తాత్కాలికమే మార్లిస్. ఒక్కసారి ఓడే స్థాయికి చేరుకున్నామనుకో, పూల్ మళ్లీ తవ్వించేస్తా."

కొలను పూడ్చారు. ఈత జట్టు నాయకురాలు సిగ్నీ, ఫుట్‌బాల్ ఆటగాళ్లకు నీళ్ల సీసాలు అందించే పనిలో కుదిరింది. (నీళ్లతో ఆమె అనుబంధం చెక్కుచెదరలేదని డైరెక్టర్ వార్షిక నివేదికలో రాశాడు.) చలికాలం దాటేసరికి ఆ అమ్మాయి ఈదడానికి చోటు వెతుక్కుంటూ టామరాక్ అనే ఇంకా చిన్న కాలేజీకి మారిపోయింది. మిగతా పిల్లలు తలో దిక్కూ వెళ్లారు. మార్లిస్ కరువుతీరా ఏడ్చింది. తర్వాత ఆ వ్యాయామశాలకే తాళాలు వేసే ఉద్యోగం ఒప్పుకుంది.

జట్టు మాత్రం కండలు పెంచింది, కావలసినన్ని ఆటలు గెలిచింది, ఓడే అర్హత సంపాదించింది. సెప్టెంబరులో ఊరంతా బస్సు దగ్గర చేరి వాళ్లను ఓటమికి సాగనంపింది. తీరా అక్కడికి వెళ్లి, ఒకే ఒక్క పాయింటు తేడాతో, గెలిచి కూర్చున్నారు.

తిరిగొచ్చాక, ఆఖరి బంతి తన్నిన ఆర్లో అనే కుర్రాడు మార్లిస్ ముందు తల దించుకున్నాడు.

"సారీ కోచ్. నేను పక్కకే తన్నాను. గాలి లోపలికి తోసేసింది."

మార్లిస్‌కు వాడి మీద కోపం రాలేదు. ఓ గరిటె ఎక్కువే వడ్డించింది.

ఆ తర్వాత పెద్ద విశ్వవిద్యాలయాలేవీ వోల్డెన్‌ను పిలవలేదు. (గెలిచే అలవాటున్నవాళ్లను ఇంటికి ఎవరు పిలుస్తారు?) మండలి మాత్రం మనస్ఫూర్తిగా అభినందించి పై విభాగంలోకి ఎక్కించింది. ఆ విభాగంలోని ప్రతి కాలేజీ ఏటా ఒక చిన్న కాలేజీని పిలిచి, తానే చెక్కు ఇచ్చి ఓడించాలి. (కొత్తగా పైకెక్కినవాళ్లు ఎవరినైనా ఓడించవచ్చని మినహాయింపు ఉంది.) ఆ చెక్కు కోసం ట్రోస్టెల్ కుస్తీ పరుపులు అమ్మేశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటాన్ని మండలి భాషలో పదోన్నతి అంటారు.

మొదటి అతిథి టామరాక్. వోల్డెన్ దాన్ని చిత్తుగా ఓడించింది. ఆట ముగిశాక మార్లిస్ హాట్‌డిష్ ట్రే పట్టుకుని, అలవాటు కొద్దీ, ఓడినవాళ్ల బస్సు దగ్గరికి నడిచింది. తమ జట్టు వెంట వచ్చిన సిగ్నీ ఎదురొచ్చి ట్రే అందుకుంది.

"మీ పూల్‌లో నీళ్లు వెచ్చగా ఉంటున్నాయా అమ్మా?" అని అడిగింది మార్లిస్.

"ఉంటున్నాయి కోచ్," అంది సిగ్నీ. "మావాళ్లకింకా గెలవడం రాలేదు."