శాంతమూర్తి గారి థైరాయిడ్

మనిషికి ఓర్పు ఎక్కడి నుంచి వస్తుందన్న సందేహం చాలా ఏళ్లుగా నన్ను పట్టుకుని ఉంది. దైవకృప వల్ల వస్తుందని మా ప్రార్థన మందిరంలో పెద్దాయన చెబుతారు. అనుభవం వల్ల వస్తుందని ఆఫీసులో పెద్దసారు చెబుతారు. మెడలో, గొంతుముడికి కాస్త కింద, సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఒక చిన్న గ్రంథి పని మానేస్తే కూడా వస్తుందని నాకు ఈ మధ్యే తెలిసింది. ఈ మూడింటిలో ఏది అసలైన ఓర్పో తేల్చేంత చదువు నాకు లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

నేను నగర నీటి సరఫరా సంస్థలో, ఫిర్యాదుల విభాగంలో, మూడో కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తాను. కుళాయి రాకపోయినా, వచ్చి ఆగకపోయినా, వచ్చిన నీళ్ల రంగు నచ్చకపోయినా జనం నా దగ్గరికే రావాలి. వాళ్ల మాట విని, పుస్తకంలో రాసి, చీటీ చింపి ఇంజినీర్ల గదికి పంపడం నా ఉద్యోగం. ఎనిమిదేళ్ల కిందటి వరకు రోజుకు నలభై చీటీలు పంపేవాణ్ణి. ఆ రోజుల్లో నన్ను మెచ్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

తరవాత క్రమంగా నాలో సద్గుణాలు ప్రవేశించాయి. మొదట కోపం పోయింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో కొంత సత్తువ ఉండాలి గదా, అది లేదు. మాట నెమ్మదించింది. గొంతు బొంగురుపోయి గంభీరంగా తయారైంది. మొహం ఉబ్బి నిండుగా, ప్రసన్నంగా కనిపించసాగింది. "మూడు రోజులుగా చుక్క నీళ్లు లేవయ్యా!" అని ఎవరైనా కిటికీ అవతల కేకలేస్తే, ఆ కేక నా చెవిలో పడి, బుర్రదాకా నడిచి, అక్కడ అర్థమై, "అలాగా" అన్న మాటగా బయటికి వచ్చేసరికి ఆ మనిషి అరిచి అరిచి అలిసిపోయేవాడు. కొందరు నా మొహం చూసి, తమ తొందరపాటుకు తామే సిగ్గుపడి వెళ్లిపోయేవారు. చీటీలు నలభై నుంచి తొమ్మిదికి దిగాయి. అంటే నగరంలో నీటి ఎద్దడి ఆ మేరకు తగ్గిందన్నమాట. సంస్థ వార్షిక నివేదికలో ఆ ముక్కే అచ్చయింది.

ఆ ఏడు నాకు సన్మానం చేశారు. పెద్దసారు మైకు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశారు.

"ఈయన్ని చూడండి! ప్రజలు నిలబెట్టి తిడుతున్నా చలించరు. పిలిస్తే పలకరు. పలికినా ఏమన్నారో ఎవరికీ తెలియదు. కిటికీకి ఇలాంటివారు ఒక్కరుంటే చాలు, మన సంస్థకు నీళ్లతో పనే లేదు!"

చప్పట్ల మధ్య నాకు 'శాంతమూర్తి' అనే బిరుదు, సంస్థ ముద్ర వేసిన ఒక ఉన్ని దుప్పటి ఇచ్చారు. అది నడి ఎండాకాలం. అందరూ చేతికందిన కాగితాలతో విసురుకుంటున్నారు. నాకు చలేస్తోంది గనక దుప్పటిని వేదిక మీదే కప్పుకున్నాను. బహుమతిని ఇంత గౌరవించిన ఉద్యోగిని మునుపెన్నడూ చూడలేదని పెద్దసారు మళ్లీ మైకు అందుకున్నారు.

ప్రార్థన మందిరంలోనూ ఇదే వరస. కళ్లు మూసుకుంటే చాలు, నాకు నిద్ర ముంచుకొచ్చేది. ప్రార్థన ముగిసి అందరూ లేచినా నేను లేచేవాణ్ణి కాదు. "ఎవరూ కదపకండి. ఆయన లోపలికి వెళ్లిపోయారు" అని పెద్దాయన హెచ్చరించేవారు. నా గురకలో ఏదో నామం వినబడుతోందని వెనక వరసలో ఒకావిడ కనిపెట్టింది. దేవుడి ఎదుట అబద్ధం ఆడలేక, అది ఒట్టి నిద్రేనని చెప్పాను. ఆ వినయం చూసి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు.

నా మహిమను నమ్మనిది లోకంలో మా ఆవిడ ఒక్కతే.

"ఏవండీ, ఇది శాంతం కాదు, జబ్బు" అంది ఒకరోజు. "మీరు నాతో పోట్లాడి ఏడాదైంది. కూరలో ఉప్పు మరిచిపోయినా తినేసి వెళ్లారు. నాకు భయంగా ఉంది."

ఆవిడే నన్ను డాక్టర్ల చుట్టూ తిప్పింది. మొదటి డాక్టరు గారు కంప్యూటరు వైపు తిరిగి నా వయసు అడిగారు. చెప్పగానే, "అదే మరి, వయసు" అన్నారు. మా ఆవిడ కదలకపోయేసరికి థైరాయిడ్ పరీక్ష రాశారు. గ్రంథి మందగించేకొద్దీ అంకె పెరుగుతుందట, నాలుగున్నర దాటకూడదట. నాకు నాలుగూ పాయింటు నాలుగు వచ్చింది.

"గీతకి ఇవతలే ఉన్నారు. నార్మల్" అన్నారు.

"గీతకి అంత దగ్గర్లో ఉన్నారు కదండీ, మళ్లీ ఎప్పుడు చూపించమంటారు?" అని అడిగింది మా ఆవిడ.

"నార్మల్ వచ్చినదాన్ని మళ్లీ చూడ్డమేంటమ్మా?"

ఆ కాగితాన్ని మా ఆవిడ భద్రంగా ఫైల్లో పెట్టింది. రెండో డాక్టరు గారు దాన్ని చూసి, "నార్మలే కదా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు.

"ఈయనకి టెన్షనే లేదండీ. మా ఇంట్లో టెన్షనంతా అదే" అంది మా ఆవిడ.

మూడో డాక్టరు గారు కాగితం చూసి, ఆపైన నా పొట్ట చూసి, తిండి సగం చెయ్యమన్నారు. సగం చేశాక మూడు కిలోలు పెరిగాను. "దొంగచాటుగా తింటున్నారు" అని నిర్ధారించారు. అంత పెద్ద చదువు చదివినవారు ఊరికే అనరు గనక, నిద్రలో లేచి తింటున్నానేమోనని నా మీద నాకే అనుమానం వచ్చింది. రెండు రోజులు వంటింటి తలుపుకు గొళ్లెం పెట్టి చూశాను. నాలుగో డాక్టరు గారు నా నాడి పట్టుకుని, గడియారం చూసి, మళ్లీ నాడి పట్టుకున్నారు. నిమిషానికి యాభై.

"ధ్యానం గట్రా చేస్తారా?"

"ప్రార్థన చేసుకుంటానండీ."

"అదీ సంగతి!" అని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఇంత ప్రశాంతత ఎలా వస్తుందండీ? నాకు నిద్ర పట్టక నాలుగేళ్లయింది." ప్రార్థన మందిరం చిరునామా రాయించుకున్నారు. ఆ వారం నుంచి వచ్చి నా వెనకే కూర్చోవడం మొదలుపెట్టారు. వైద్యానికి సంబంధించి ఆయన నాకు చేసింది ఇదే.

ఏళ్లు గడిచాయి. కాగితం పసుపు పచ్చబడింది, మడతల దగ్గర చిరిగింది, మా ఆవిడ టేపు అంటించింది. నా జుట్టు రాలింది, మడమలు పగిలాయి, ఒళ్లు పెరిగింది. నేను నెలకో రకంగా మారుతుంటే కాగితం మాత్రం ఒక్క మాట మీద నిలబడింది. ఇద్దరిలో ఎవర్ని నమ్మాలో డాక్టర్లకు చెప్పనక్కర్లేదు. జబ్బు లేదని ఇంతమంది చెబుతున్నప్పుడు ఉందనుకోవడం అహంకారమేమో అని నేనూ సర్దుకున్నాను.

ఒకనాటి పొద్దున, చిన్నప్పటి నుంచి రోజూ చెప్పుకునే ప్రార్థన రెండో పాదం దగ్గర ఆగిపోయింది. తరవాతి మాట గుర్తు రాలేదు. ఎంతసేపు నిలబడినా రాలేదు. నాకు నిజంగా భయమేసింది. ఆ భయం కూడా వెంటనే రాలేదు, ఆఫీసుకు వెళ్లాక మధ్యాహ్నం వచ్చింది.

అదే వారంలో పెద్దసారు నాకు పదోన్నతి ప్రకటించారు. మిగతా కిటికీలవాళ్లకు శాంతం నేర్పే ఉద్యోగం. దానికి ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, ధ్రువపత్రానికి రక్తపరీక్ష కావాలి. అలా మేమిద్దరం ఆ నాలుగో డాక్టరు గారి ఆసుపత్రిలోనే పైఅంతస్తుకు వెళ్లాం. రక్తం తీసే అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, సూది పక్కన పెట్టి, నా మొహంలోకి చూసింది. ఏడేళ్లలో ఆసుపత్రి మనిషి నా మొహం చూడటం అదే మొదలు.

"బాబాయ్ గారూ, మీ కనుబొమ్మల చివర్లు ఏమైపోయాయి?"

"ఉన్నాయనుకున్నానమ్మా" అన్నాను.

"పిన్నిగారూ, ఈయనకి థైరాయిడ్ చూపించారా?"

మా ఆవిడ గర్వంగా కాగితం తీసి ఇచ్చింది. ఆ అమ్మాయి అంకె చూడకముందు తేదీ చూసింది.

"ఇది ఏడేళ్ల కిందటిది!"

"నార్మలే కదమ్మా?"

"ఏడేళ్ల కింద నేను బళ్లో ఉన్నాను పిన్నిగారూ. ఇప్పుడూ బళ్లోనే ఉన్నానంటారా? వెళ్లి డాక్టరు గారితో ఒక్క ముక్క రాయించుకు రండి. నా అంతట నేను చెయ్యకూడదు."

డాక్టరు గారు అయిష్టంగా రాశారు. మర్నాడు అంకె వచ్చింది. అరవై నాలుగు. ఆయన దాన్ని చూసి అదిరిపడి, నా మీద మండిపడ్డారు.

"ఇన్నేళ్లూ ఏం చేస్తున్నారండీ? ఆరోగ్యమంటే ఇంత నిర్లక్ష్యమా?"

"మీ దగ్గరికే వస్తున్నామండీ" అంది మా ఆవిడ.

చిన్న మాత్ర. పొద్దున్నే పరగడుపున నీళ్లతో వేసుకోవాలి. అరగంట దాటేదాకా కాఫీ గానీ టిఫిన్ గానీ ముట్టకూడదు. ఆరు వారాలకోసారి పరీక్ష చేసి మోతాదు సరిచూస్తారు, సొంతంగా మానెయ్యకూడదు. అంతే.

నాలుగు నెలల్లో నా సద్గుణాలన్నీ ఒక్కొక్కటిగా ఖాళీ చేసి వెళ్లిపోయాయి. ప్రార్థన చివరి పాదం దాకా తిరిగొచ్చింది. ఒకరోజు చొక్కాకి గుండీ లేదని మా ఆవిడ మీద ఎగిరిపడ్డాను. ఆవిడ ఆనందం పట్టలేక వాళ్లక్కకు ఫోన్ చేసింది. "అక్కా, ఈయన అరిచారే!"

ఆఫీసులో చీటీలు తొమ్మిది నుంచి నలభైకి, నలభై నుంచి అరవైకి పెరిగాయి. ఇంజినీర్లు ఎండలో వీధుల్లోకి వెళ్లవలసి వచ్చింది. నగరంలో పైపులు ఏ పక్కనున్నాయో వాళ్లలో కొందరికి అప్పుడే తెలిసింది. పెద్దసారు నన్ను పిలిపించి తలుపు దగ్గరికి వేశారు.

"ఏమైందయ్యా నీకు? ఒంట్లో బాగాలేదా? నిన్న ఇంజినీరు గారికి ఫోన్ చేశావట. రెండుసార్లు! నీ ఆరోగ్యం నీ సొంత విషయం, కాదనను. నీ శాంతం మాత్రం సంస్థ ఆస్తి. ఆ మాత్రలేవో ఆదివారాల్లో వేసుకోకూడదూ?"

కుదరదన్నాను. వెంటనే అన్నాను. అంత వేగంగా సమాధానం రావడం ఆయనకు అమర్యాదగా తోచింది. సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది: 'సదరు ఉద్యోగి అనుమతి లేకుండా కోలుకున్నందున బిరుదు, పదోన్నతి ఉపసంహరించడమైనది. దుప్పటిని ఉతికి, ఆరబెట్టి, మూడు రోజుల్లోగా అప్పగించవలెను.' ప్రార్థన మందిరంలో కళ్లు తెరుచుకుని కూర్చుంటున్నానని నన్ను మూడో వరసకు మార్చారు. సంసారపు గాలి సోకిందని పెద్దాయన నిట్టూర్చారు.

ఇక పొద్దుటి ఆ అరగంట సంగతి. మాత్ర వేసుకున్నాక కాఫీ లేదు, చెయ్యడానికి పనేమీ లేదు. అందువల్ల మా ఆవిడ మాట్లాడుతుంటే వినసాగాను. మా కాపురంలో ఇది కొత్త.

"నాకూ ఆరేళ్లుగా ఒళ్లంతా బరువుగా ఉంటోందండీ" అంది ఒకరోజు, తల దువ్వుకుంటూ. "ఇదిగో, జుట్టు చూడండి, ఎలా వస్తోందో. చేతులూ కాళ్లూ మంచుగడ్డలే."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. చాలాసార్లు."

"నేనేమన్నాను?"

"మొదటిసారి వయసన్నారు. రెండోసారి టెన్షన్ తగ్గించుకో అన్నారు. మూడోసారి నేను చెబుతుండగానే నిద్రపోయారు."

"తరవాత?"

"తరవాత మిమ్మల్ని డాక్టర్ల దగ్గరికి తిప్పే పనిలో పడ్డాను."

ఆ పాపం కూడా గ్రంథి మీదికి తోసేద్దామనిపించింది. కానీ గ్రంథి బాగున్న రోజుల్లోనూ నేను విన్నది లేదని ఆవిడకూ తెలుసు, పైవాడికీ తెలుసు.

ఆ రోజే సెలవు పెట్టి ఆవిణ్ణి అదే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నా వైపు తిరిగి అడిగారు.

"ఏంటండీ ఈవిడ ప్రాబ్లం?"

"ఆవిణ్ణి అడగండి."

ఆయన అడిగారు. ఆవిడ రెండు మాటలు చెప్పేసరికి, "ఈ వయసు ఆడవాళ్లకి ఇవన్నీ మామూలేనమ్మా. టెన్షన్ తగ్గించుకోండి" అంటూ గంట మీద చెయ్యి వేశారు.

"ఆవిడ మాట ఇంకా పూర్తి కాలేదండీ" అన్నాను.

"బయట ముప్పైమంది ఉన్నారు శాంతమూర్తి గారూ!"

"నేనూ కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణే కదండీ. ముప్పైమందిని వినకుండా పంపడం ఎంత తేలికో నాకు తెలుసు. దానికే కదా బిరుదిచ్చారు."

నా గొంతు కాస్త పెద్దదే అయి ఉంటుంది. ఆయన గంట మీద నుంచి చెయ్యి తీశారు. మా ఆవిడ ఇరవై రెండు నిమిషాలు చెప్పింది. అందులో నాకు తెలియనివి సగానికి పైన ఉన్నాయి. మధ్యలో రెండుసార్లు నేనే సర్ది చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. ఆయన చివరిదాకా విని, పరీక్ష రాశారు.

అప్పటికే బయట వరండాలో గగ్గోలు మొదలైంది. తలుపు తీస్తుంటే మాటలు వినబడుతున్నాయి.

"లోపల డాక్టరు ఎవరిదో మొత్తం వింటున్నాడట!"

"మొత్తమా? ఇదెక్కడి అన్యాయమండీ?"

"ఒక్కొక్కళ్లదీ ఇలా వింటూ కూర్చుంటే మన వంతు ఎప్పటికొస్తుంది?"

మేం బయటికి రాగానే ముప్పైమందీ మమ్మల్ని కొరకొరా చూశారు. ఒకాయన నన్ను గుర్తుపట్టాడు. "నీళ్లాఫీసులో మూడో కిటికీ ఆయన కదూ? ఎంత శాంతంగా ఉండేవాడు మనిషి! పాడైపోయాడు" అని పక్కావిడతో వాపోయాడు. ఆవిడ కూడా పాపం అంది.

మెట్ల దగ్గర మా ఆవిణ్ణి అడిగాను, "ఇంకేమైనా చెప్పాల్సింది మిగిలిందా?"

"లేదు లెండి. పాత బాకీ తీరింది" అంటూ, దిగడానికి నా చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యి నిజంగానే మంచుగడ్డలా ఉంది.