ఇటలీ సారుకు పిట్టకు పెట్టుడు

మొహం తెల్వనోని సావుకు ఏడ్చుట్ల ఉన్న సుఖం లోకంల ఇంక దేంట్ల లేదు!

నవ్వకుండ్రి. బాగ ఆలోచించే చెప్తున్న. సొంతోళ్లు పోతే ఎంత పరేషాన్! పాడె మొయ్యాలె. గుండు గీయించుకోవాలె. పాలోళ్లల్ల ఎవరికి కబురు వోయింది, ఎవరికి పోలే అని పంచాయితి. ఏడ్వకుంటే ఒక మాట, ఎక్కువ ఏడిస్తే రెండు మాటలు.

అదే సముద్రం అవతలోడు పోయిండనుకోండ్రి. ఎంత ఏడిస్తే అంత పేరు! నడుమల ఆపి చాయ తాగొచ్చు. తాగి మళ్ల మొదలువెట్టొచ్చు. వద్దనేటోడు ఎవడు?

అందుకే నేనంట, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు కొత్తగ వచ్చిన ఈ పరదేశి ఏడుపు దేవుడిచ్చిన వరం. సాక్ష్యం కావాల్నా? ఇటిక్యాల దగ్గర ఒక ఊర్ల తిరుపతయ్య అని ఒక రైతు ఉన్నడు. ఆయన ఇంటికి పోదాం పాండ్రి.

తిరుపతయ్యకు డెబ్బై దాటినయి. ఇంట్ల భార్య లక్ష్మీదేవమ్మ, కొడుకు చంద్రశేఖర్, ఒక ముర్రజాతి బర్రె. ఈ ముగ్గుర్ల ఆయన మాట ఇనేది బర్రె ఒక్కతే.

కొడుకు చెడ్డోడేం కాదు. సీడ్ పత్తి ఆర్గనైజరు. రైతులకు ఇత్తనాలిచ్చి, పండినంక కంపెనీకి అప్పజెప్పే పని. తాగడు, పేకాడడు. ఒక్కటే పిచ్చి, కార్లు. పోయిన దసరాకు హైదరాబాదుల నాలుగు చేతులు మారిన స్పోర్ట్స్ కారు ఒకటి లారీ మీద ఎక్కించుకొని తెచ్చిండు. పేరు జోరానో. రంగు ఎరుపు. గంటకు మూడు వందల కిలోమీటర్లు ఉరుకుతదట. ఉరుకుతది, ఉరికే జాగ ఉంటే!

మన తొవ్వల సంగతి మీకు చెప్పాల్నా? ఊరికి ముందొక స్పీడ్ బ్రేకరు, ఊరికి ఎనుకొకటి, పెద్దమనుషుల ఇండ్ల ముందట రెండేసి. జోరానో కడుపేమో నేలకు నాలుగు వేళ్ల ఎత్తుల ఉంటది. అందుకే అది బయటికెళ్తే ముందు ఒక బైకు పోతది. బైకు మీద ఇద్దరు, వాళ్ల ఒళ్లె రెండు చెక్క పలకలు. బ్రేకరు రాంగనే దిగి పలకలు పరుస్తరు. కారు కొత్త పెండ్లికూతురు గడప దాటినట్టు మెల్లగ దాటుతది. మళ్ల పలకలు ఎత్తుకొని ముందటికి ఉరుకుతరు. ఇట్ల గద్వాల చేరేసరికి, ఎనుక బయలెల్లిన గడ్డి ట్రాక్టరు సరుకు దించి తిరిగొస్తుంటది.

అయితేంది? పలకలు మోసెటోళ్లకు ఎంత కసరత్తు! ఊరూరుకు ఎంత తమాషా!

ఈ ఒక్క కారుకు నలభై మూడు మంది అభిమానులు. బల్మూర్ నుంచి ఉన్నరు, అమ్రాబాద్ నుంచి ఉన్నరు. సంఘం పెట్టుకున్నరు. వనపర్తిల బ్యాటరీల దుకాణం నడిపే నవీద్ దానికి సెక్రటరీ. నలభై మూడు మందిల కారున్నోడు చంద్రశేఖర్ ఒక్కడే. మిగిలినోళ్లకు టీ షర్టులున్నయి.

ఇగ అసలు కథ. జోరానో వానకు తడవొద్దు, ఎండకు ఎండొద్దు. ఇంట్ల రేకుల నీడ ఉన్నది పసుల కొట్టంలనే. బర్రె బయటికొచ్చింది, కారు లోపలికి వోయింది. బర్రెను దొడ్డి చివర వేపచెట్టుకు కట్టేసిన్రు.

"నెల దినాలు ఓర్సుకో నాయినా. కారుకు వేరే షెడ్డు ఏపిస్త," అన్నడు కొడుకు.

అది దసరా నాటి మాట. ఇప్పుడు ఆషాఢం. తొమ్మిది నెలలు ఓర్సుకున్నరు, తండ్రీ, బర్రే. ఇప్పుడు బర్రెకు నెలలు నిండినయి. ఇయ్యాలో రేపో ఈనుతది. ఆగకుండ ముసురు. చెట్టు కింద మోకాలి లోతు బురద. ఆ బురదల దూడ పడితే తెల్లారేదాంక బతుకుతదా?

తిరుపతయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అసొంటి మనిషి ఒక్క వారంల నాలుగు సార్లు నోరు తెరిచిండు.

"శేఖరా, బర్రె ఈనేటట్టున్నది. కొట్టం ఖాళీ చెయ్యి."

నాలుగు సార్లు చంద్రశేఖర్ సెల్లుల నుంచి తల ఎత్తకుండనే "ఊఁ" అన్నడు.

ఇంట్ల ఇంకొక లడాయి కూడ ఉన్నది. కాకులతోని. కారు మీద రెట్ట ఏస్తయని చంద్రశేఖర్ కొట్టం చుట్టూ తళతళమనే రిబ్బన్లు కట్టిండు. రాయి పెట్టి కొట్టే గులేరు పట్టుకొని కాపలా కూసున్నడు. దీపావళికి మిగిలిన పటాకులన్ని కాకుల మీదనే కాల్చిండు. కాకులు తెలివిగలయి. కొట్టం దిక్కు రావుడు బందు వెట్టి, వేపచెట్టు కింద బర్రె వీపు మీద కాపురం వెట్టినయి. పిడుదులు ఏరుకొని తినుకుంట అవి సుఖంగనే ఉన్నయి.

అట్ల ఉండంగ, ఒక సోమవారం పొద్దున వాట్సాప్‌ల పిడుగు వడ్డది. జోరానోను తయారుజేసిన ఇంజినీరు, ఇటలీ దేశపు బెర్తోలి సారు, తొంభై ఒకటో ఏట కన్ను మూసిండు!

చంద్రశేఖర్ బొళ్లున ఏడ్చిండు. లక్ష్మీదేవమ్మ రొట్టె పెనం మీదనే ఇడిసిపెట్టి ఉరికొచ్చింది.

"ఏమైందిరా? ఎవరు పోయిన్రు?"

"బెర్తోలి సారమ్మా!"

"ఏ ఊరాయన?"

"ఇటలీ!"

"అలంపురం దిక్కా?"

"ఇటలీ దేశమమ్మా! మన కారును పుట్టిచ్చిన మహానుభావుడు!"

ఆమె కొంగుతోని చేతులు తుడుసుకున్నది. "మీ మేనమామ పోయిననాడు నీ కండ్లు తడవనన్న తడవలే. బొంద కాడ నిలవడి క్రికెట్ సూస్తివి."

"మామ ఏం తయారుజేసిండమ్మా?"

"నిన్ను సంకల ఎత్తుకొని బడికి మోసిండు గదరా! నువ్వు తయారు గాలేదా?"

చూసిన్రా? సొంతోని సావుల ఇవే కష్టాలు. మాటకు మాట వస్తది. బెర్తోలి సారు తరఫున దెప్పెటోళ్లు ఎవరున్నరు?

పొద్దుగూకేసరికి మూడు పట్నాలల్ల అశ్రునివాళి ఫ్లెక్సీలు లేసినయి. నడుమల ఎర్ర కారు. చుట్టూ నల్లద్దాలు వెట్టుకున్న నలభై మూడు మంది సభ్యులు. కింద మూలకు, పోస్టు బిళ్లంత జాగల, బెర్తోలి సారు. గద్వాల బస్టాండు కాడ ఒక ముసలామె ఆ ఫ్లెక్సీ సూసి, నలభై మూడు మంది ఒక్క కార్ల ఎట్ల ఎక్కిన్రు, అందరు ఒక్కపారే ఎట్ల పోయిన్రు అని గుండెలు బాదుకున్నది.

మంగళవారం తిరుపతయ్య దొడ్లనే మీటింగు. సారుకు ఏం చెయ్యాలె, ఎట్ల చెయ్యాలె?

"కొవ్వొత్తులు వెట్టి నడుద్దాం," అన్నడు నాగర్‌కర్నూల్ ఆమిర్.

"ముసురుల కొవ్వొత్తా?" అన్నరు మిగిలినోళ్లు.

"మా దాంట్ల అయితే నలభయ్యో దినం చేస్తరు," అన్నడు నవీద్.

"మా దాంట్ల మూడో దినమే పిట్టకు పెడతరు. అంటే రేపే. యాటను కోస్తరు," అన్నడు అమ్రాబాద్‌ల ఆటో నడిపే పెద్దన్న.

యాట మాట ఇనంగనే అన్ని మతాలు ఒక్కటైనయి. తీర్మానం పాసు!

పిట్టకు పెట్టుడంటే మీకెరికే. పోయినోళ్లకు ఇష్టమైన తిండి ఇస్తారాకుల పెట్టి అందరు దూరం జరిగి నిలవడాలె. కాకి వచ్చి ముట్టాలె. ముట్టకుంటే, పోయినోళ్లకు తీరని కోరిక ఏదో ఉన్నట్టు. అది తీరుస్తమని మొక్కాలె. కాకి ముట్టేదాంక ఇంటిల్లిపాది మెతుకు ముట్టొద్దు.

ఇగ ఆకు ఎవరు పెట్టాలె? కొడుకు పెట్టాలె. సారు కొడుకులు ఇటలీల ఉన్నరో లేరో ఎవరికి తెల్సు? నవీద్ లేసి నిలవడ్డడు. "కారే ఆయన కొడుకు!" అన్నడు. అందరి కండ్లల్ల నీళ్లు. కారు ముందటనే, కొట్టం గడప కాడనే పెట్టాలని ఖాయమైంది. కాకి బెదురుతదని రిబ్బన్లన్ని తెంపిన్రు.

బుధవారం వాన జర తెరిపిచ్చింది. ఇటలీ సారుకు ఇష్టమైంది పాస్తా అని ఫోన్ చెప్పింది. గద్వాల ఫాస్ట్‌ఫుడ్ బండి మీద నూడుల్స్ దొరికినయి, సర్దుకొమ్మన్నరు. వైన్ ఇష్టమని కూడ చెప్పింది. మూడు వైన్సులు తిరిగిన్రు, ఒక్క దాంట్ల వైను లేదు. విస్కీల రూహఫ్జా కలిపి ఎర్రగ చేసిన్రు. పక్కన చిన్న గిలాసల ఇంజన్ ఆయిలు. అన్ని ఆకుల సర్ది, నలభై మూడు మంది ఎనుకకు జరిగి, మొఖాలు ఆకాశానికెత్తి "కావ్! కావ్!" అన్నరు.

తొమ్మిది నెలలు గులేరుతోని కొట్టినోడే, చేతులు జోడించి కాకిని పిలుస్తుండు! ఇంతకన్న సంస్కారం ఏ బడి నేర్పిస్తది?

కాకి రాలే. గంటైంది. దొడ్లె గుండిగల యాటకూర ఉడికి వాసన వస్తున్నది. రెండు గంటలైంది.

"ఏదో తప్పు జరిగింది," అన్నడు నవీద్. "ఒక్కొక్కరం ఒప్పుకుందాం."

ఆమిర్ ముందటికొచ్చిండు. "సారూ, నా స్కూటీకి జోరానో స్టిక్కర్ అతికిచ్చి నీ ఇజ్జత్ తీసిన. పీకేస్త!"

కాకి రాలే.

"సారూ, నా ఆటో సైలెన్సర్ కోసి జోరానో సప్పుడు తెప్పిచ్చిన. మళ్ల అతికిపిస్త!" అన్నడు పెద్దన్న.

కాకి రాలే.

నవీద్ తల దించుకున్నడు. "సారూ, కారుకు ఏసింది కంపెనీ బ్యాటరీ కాదు, ట్రాక్టరుది. మాఫ్ చెయ్యి."

"ట్రాక్టరుదా?!" అని చంద్రశేఖర్ గులేరు కోసం ఎతికిండు. నలుగురు పట్టి ఆపిన్రు.

అప్పటికి అందరికి కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయి. ఇగ తోవ దొరకక, చంద్రశేఖర్ అరుగు మీద కూసున్న తండ్రి దిక్కు తిరిగిండు. పుట్టి బుద్ధెరిగిన సంది మొదటిసారి కావొచ్చు.

"నాయినా, పెద్దోనివి. ఇసొంటియి ఎరిగినోనివి. సారు మనసుల ఏమున్నదంటవ్?"

తిరుపతయ్య అప్పటిదాంక ఆకాశం దిక్కు సూడనే లేదు. ఆయన సూపంత దొడ్డి చివరనే ఉన్నది. బర్రె నిలవడుతున్నది, పండుతున్నది, మళ్ల లేస్తున్నది. నొప్పులు మొదలైనట్టున్నయి. దాని వీపు మీద రెండు కాకులు కూసొని నూడుల్స్ దిక్కే సూస్తున్నయి.

ఆయన తువ్వాల దులుపుకొని మెల్లగ అన్నడు.

"అంత పెద్ద ఇంజినీరు. తను కన్న కొడుకు పసుల కొట్టంల, పెండ వాసన్ల ఉన్నడంటే, ఏ తండ్రికి ముద్ద దిగుతది?"

నలభై మూడు మంది కారు దిక్కు తిరిగిన్రు.

"యా అల్లా!" అన్నడు నవీద్. "ఎంత మాట చెప్పినవ్ కాకా!"

"మరి ఏం చేద్దాం నాయినా?" అన్నడు కొడుకు.

"బండిని బయట మంచి జాగల పెట్టుండ్రి. కొట్టం కొట్టం లెక్కనే ఉండాలె. బర్రెను దాని జాగల కట్టేస్తే, ఇది మీ కొడుకు జాగ కాదని సారుకు అర్థమైతది."

ట్రాక్టర్ బ్యాటరీ గద, కారు షురూ కాలే. పలకలేసి నలభై మూడు మంది నూకిన్రు. తిరుపతయ్య పోయి పగ్గం ఇప్పిండు. పట్టుకోవాల్సిన పని కూడ పడలే, బర్రె తొమ్మిది నెలల కిందటి తొవ్వ మర్సిపోలే, తనంతట తనే కొట్టంలకు నడిసింది. వీపు మీది కాకులు దిగకుండ దాంతోనే సవారి చేసుకుంట వచ్చినయి. గడప కాడ బర్రె చెవులు ఇదిలిచ్చింది. ఒక కాకి టపుక్కున ఆకు మీదికి దునికి, నూడుల్ పోగొకటి ముక్కున వట్టి గుంజింది.

ఏం కేకలు! ఏం ఈలలు! బైకులన్ని ఒక్కపారి రేజ్ చేసిన్రు. పెద్దన్న ఆటో అన్నిట్ల కన్న గట్టిగ మొరిగింది. నవీద్, ఆమిర్ ఒకరినొకరు వాటేసుకొని ఏడ్చిన్రు. ఆనెంక అందరు యాటకూర మీద వడ్డరు.

పొద్దు గుంకక ముందే బర్రె ఈనింది. ఆడదూడ. దానెంటనే దబదబ వాన దంచింది. రేకుల కింద, పొడిగడ్డి మీద, దూడ వణుకకుండ నిలవడి పొదుగు ఎతుక్కున్నది. సంఘం ఏకగ్రీవంగ దానికి బెర్తోలమ్మ అని పేరు వెట్టింది.

లక్ష్మీదేవమ్మ జున్నుపాలు పిండుకుంట మొగని దిక్కు ఓరకంట సూసింది. "పిట్టను నువ్వే పిలిచినవ్ గదా?"

"నేనెక్కడ పిలిచిన? నేను బర్రెను పిలిచిన."

తెల్లారి చంద్రశేఖర్ నవీద్‌కు ఫోన్ చేసి నసిగిండు. దినం అయిపోయింది గద, కారును మళ్ల లోపల పెడదామా అని. నవీద్ ఫోన్లనే కయ్యిమన్నడు. "శేఖరన్నా! సారు ఆత్మతోని ఆటలా?" ఇగ ఏం చేస్తడు? ఎనిమిది దినాలల్ల కారుకు వేరే షెడ్డు లేసింది. నాయిన నాలుగు సార్లు చెప్తే కదలంది, ఇటలీ సారు ఒక్క మాట అనకుండనే కదిలిచ్చిండు! ఇప్పుడన్న ఒప్పుకోండ్రి, తెల్వనోళ్లకు ఏడ్చుడు వరమా, కాదా?

మీరు ఒప్పుకోకున్నా తిరుపతయ్య ఒప్పుకున్నడు. షెడ్డుకు కొబ్బరికాయ కొట్టిననాడు కొడుకు పక్కన కూసొని అన్నడు.

"శేఖరా, ఎడమ కన్ను మసక మసక అయితున్నది. జర దవాఖానకు తీస్కపోతవా?"

చంద్రశేఖర్ సెల్లుల సూసుకుంట "ఊఁ" అన్నడు.

"మొన్న తొవ్వల ఎద్దు అనుకొని ట్రాన్స్‌ఫార్మర్‌ను అదిలిచ్చిన."

"ఊఁ."

తిరుపతయ్య లేసి, అవతల కుర్చీల కూసున్న నవీద్ దగ్గరికి జరిగిండు.

"బేటా, ఈ సెల్లుఫోను చేసిన ఇంజినీరు ఎవరు?"

"ఒక్కరు కాదు కాకా. మస్తు మంది చేసి ఉంటరు. ఎందుకు?"

"వాళ్లల్ల పెద్ద వయసోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"ఉంటరు. ఏం పని వడ్డది?"

"పనేం లేదు," అన్నడు తిరుపతయ్య. "పానం ఎట్లున్నదో జర కనుక్కో."