స్టెప్నీలో పక్షులు

ఆ ఉదయం అల్లుడి పథకం చాలా చిన్నది. ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్న ‘పక్షులు’ అనే ఫోల్డరును పెన్‌డ్రైవులోకి ఎక్కించాలి, అత్తగారిని స్కూటరు మీద ప్రచురణకర్త ఆఫీసుకు తీసుకెళ్ళాలి, ఆ తర్వాత తన ఉద్యోగానికి పోవాలి. అతను ఫర్నిచరు కంపెనీలో కంప్యూటర్ బల్లలు అమ్ముతాడు. బల్లలు అమ్మేవాడికి బల్ల మీది వస్తువు గురించి తెలియకుండా ఉంటుందా అని అత్తవారింట్లో అందరి నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టడానికి అతనికి ఎన్నడూ మనసొప్పలేదు.

అత్తగారు బడిలో డ్రాయింగ్ టీచరుగా పనిచేసి ఈమధ్యే రిటైరయింది. పొద్దున్నే రంగు సుద్దముక్కలతో నల్లబల్ల మీద ఒక పిట్టను వేయడం, సాయంత్రం ఇంటికి వచ్చేముందు దాన్ని తుడిచేయడం ఆమె అలవాటు. చివరి ఏడాది మాత్రం కూతురు పట్టుబట్టి, చేతికి ఒక ఫోను ఇచ్చి ప్రతి బొమ్మకూ ఫొటో తీయించింది. ఆ ఫోను చెడిపోయింది, ఫొటోలు ఇంటి కంప్యూటర్‌లో మిగిలాయి. పిల్లల పుస్తకాలు వేసే ప్రచురణకర్త ఆ సంగతి విని, మధ్యాహ్నం లోపల బొమ్మలు చూపిస్తే ఈ ఏడాది పుస్తకాల్లో చేరుస్తానని, ఆలస్యమైతే మాట ఇవ్వలేనని కబురు చేశాడు. తన పేరుతో ఒక పుస్తకం రావాలని ఆమెకు ఎంత ఆశ ఉందో ఎవరికీ చెప్పలేదు. కానీ తెల్లవారగానే చెప్పులు వేసుకుని సోఫా అంచున కూర్చుంది.

అల్లుడు కాపీ మొదలుపెట్టాడు. ఆకుపచ్చ గీత సగం దాకా హుషారుగా నడిచి ఆగిపోయింది. మౌసు కదపబోతే కదలలేదు. కొన్ని వారాలుగా ఆ కంప్యూటర్‌కు ఇదే జబ్బు. ఏ ఫైలు తెరిచినా, ఎక్కడికి జరిపినా కొయ్యబారిపోతుంది. మళ్ళీ ఆన్ చేశాడు, మళ్ళీ మొరాయించింది. పెన్‌డ్రైవులోకి ఒక్క బొమ్మా చేరలేదు. ఏం ఫర్వాలేదని అత్తగారితో అన్నాడు.

మామగారు ఒకప్పటి బస్సు డ్రైవరు. ఆయన లెక్కలో ఆగిపోయిన యంత్రమంటే వేడెక్కిన యంత్రమే. వద్దన్నా వినకుండా టేబుల్ ఫ్యాను తెచ్చి, ఖాళీ ప్లగ్గు కనబడక కంప్యూటర్ పక్కనే గుచ్చాడు. టప్‌మని చప్పుడై ఇల్లంతా కరెంటు పోయింది. ఫ్యూజు కట్టడానికి స్టూలు కావాలి, స్టూలేమో పక్కింటివాళ్ళ దగ్గరుంది, పక్కింటివాళ్ళు తాళం వేసి ఎటో వెళ్ళారు. చివరికి మామగారు అల్లుడి భుజం మీద చెయ్యేసి కుర్చీ ఎక్కి ఆ పని కానిచ్చాడు.

ఈసారి తెర మీద ఒక చిన్న డబ్బా వచ్చింది. అది రోజూ వచ్చేదే. ఏదో ప్రకటన అనుకుని ఇంట్లో ఎవరికి వారు మూసేస్తున్నారు. అల్లుడు మొదటిసారి దాన్ని పైకి చదివాడు. డిస్కులో చోటు లేదని ఉంది.

చోటంతా ఎవరు మింగారా అని వెతికితే తల తిరిగింది. కంప్యూటర్ పోతుందేమోనన్న భయంతో, లోపలున్నదంతా, పెళ్ళి వీడియోలతో సహా, అతని భార్య ‘భద్రం’ పేరుతో అందులోనే కాపీ చేసింది. మామగారు ‘స్టెప్నీ’ పేరుతో చేశాడు, దారిలో టైరు పోతే ఆదుకునే అదనపు చక్రమన్నమాట. అల్లుడు తనూ ఒకటి చేశాడు. ఆగినప్పుడల్లా భయం పెరిగి, ముగ్గురూ ఎవరికీ చెప్పకుండా ఇంకో కాపీ తీశారు. ఆ కాపీల బరువుకే అది మరింత ఆగింది.

ఆసుపత్రి ల్యాబులో పనిచేసే భార్యకు ఫోను చేసి సంగతి చెప్పాడు. తనవి తీసేయమంది, నాన్న దగ్గర ఉన్నాయి కదా అంది. తన కాపీలూ తీసేశాడు. అసలు ఫోల్డరు కూడా అన్నిటిలాగే కనబడింది, పోనీలే స్టెప్నీ ఉందిగా అని దాన్నీ తీసేశాడు. మామగారికి చెబితే కంగారు పడతాడని చెప్పకుండా, పెన్‌డ్రైవు మూత పోతే వెతకడానికి లోపలికి వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి మామగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటున్నాడు. “తప్పంతా నాదే అల్లుడుగారూ. అనవసరంగా బరువు పెట్టాను. నా స్టెప్నీ తీసేశాను, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. మీ దగ్గర ఎలాగూ ఉన్నాయి కదా.”

అల్లుడు గబగబా ఫోల్డర్లన్నీ వెతికాడు. కంప్యూటర్ మాత్రం లేడిపిల్లలా పరుగెత్తుతోంది. ఏది అడిగినా రెప్పపాటులో తెరుస్తోంది. తెరవడానికి ఏమీ లేదు.

అత్తగారి ముందు నిలబడి జరిగింది చెప్పాడు. బల్లలు తప్ప తనకు ఇంకేమీ తెలియదని కూడా ఒప్పుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమె ముఖం చిన్నబోయింది, ఆ మాట దాచడమెందుకు. తర్వాత లేచి, లోపలి నుంచి సుద్దముక్కల పెట్టె తెచ్చుకుంది.

“నా ఉద్యోగమంతా సాయంత్రమయ్యేసరికి తుడుచుకున్నదాన్నే కదా బాబూ. పొద్దున మళ్ళీ వెయ్యడం నాకు కొత్తా? స్కూటరు తియ్యి.”

ప్రచురణకర్త ఆఫీసులో అల్లుడు జరిగింది చెప్పబోయాడు. ఆయన గడియారం చూసుకుంటూ, బొమ్మలు లేకుండా తానేం చేయగలనని మర్యాదగానే అన్నాడు. ఈలోగా ఆమె గోడ మీది నల్లబల్లను చూసింది. బల్ల కనబడితే చెయ్యి ఊరుకునే రకం కాదు ఆమె. దాని మీద రాసి ఉన్నదంతా డస్టరుతో శుభ్రంగా తుడిచి, నీలం ముక్క అందుకుంది. లకుముకిపిట్ట ముక్కు మొదలైంది, రెక్క విచ్చుకుంది, కింద నీళ్ళలో చేప బెదిరింది. ఆఫీసంతా వచ్చి వెనక నిలబడింది. పిట్ట కన్ను పూర్తయ్యేసరికి ప్రచురణకర్త గడియారం సంగతి మరిచిపోయాడు.

“ఫొటోలు తెచ్చి ఉంటే ఒక్క చూపు చూసి పక్కన పెట్టేవాణ్ణేమో,” అన్నాడాయన. “రోజూ ఇక్కడికే వచ్చి ఒక్కో పిట్ట వెయ్యండమ్మా. మావాళ్ళు మంచి కెమెరాతో తీస్తారు. పుస్తకం ఖాయం.”

అల్లుడు గోడకు చేరగిలబడి మనస్ఫూర్తిగా నవ్వాడు. అత్తగారు చేతుల సుద్దపొడి దులుపుకుని, అప్పుడే రెండో పిట్టకు చోటు చూసుకుంటోంది.

ఆ ఏడాది ఏ పుస్తకం ఎప్పుడు అచ్చుకు వెళ్ళాలో రాసిపెట్టుకున్నది ఆ బల్ల మీదేనని, దానికి ఇంకో కాపీ లేదని ఆఫీసువాళ్ళకు సాయంత్రానికి గుర్తొచ్చింది.