ఎడమకు జరిగే కణం

విశ్వంలో కనిపించే పదార్థం కన్నా కనిపించనిదే ఎక్కువని తేల్చిన మానవజాతి, దాని బాగోగులు చూడటానికి ఒక సంఘాన్ని కూడా వేసుకుంది. పేరు: అభ్యర్థి కణాల సంక్షేమ సంఘం. (కనిపించేవాళ్ల సంక్షేమానికి ఇంకా ఏ సంఘమూ వేయలేదు.)

సంఘం నమ్మకం చాలా సూటి. సూపర్‌సిమెట్రీ అనే సిద్ధాంతం ప్రకారం మనకు తెలిసిన ప్రతి కణానికీ ఒక జోడీ ఉంది. ఆ జోడీలన్నిటిలోకీ తేలికైనదే గెలాక్సీలను పట్టి ఉంచే ఆ కనిపించని పదార్థం, అంటే కృష్ణ పదార్థం; ఆ పదవికి అదే అభ్యర్థి. ఎంత తేలిక అన్నది మాత్రం అధ్యక్షులవారు సుద్దముక్కతో గీత గీసి నిర్ణయిస్తారు. బోర్డు మీద కుడివైపు బరువు, ఎడమవైపు తేలిక.

వెతకాల్సింది భూగర్భంలోని డిటెక్టరు. దాన్ని చూసుకునేది ఒక తాత్కాలిక పరిశోధకురాలు. కణం వచ్చి తగిలితే అందులో బాగా చల్లబరిచి ఉంచిన స్ఫటికం కాస్త వణకాలి. ఇంకేదీ దాన్ని వణికించకూడదని ఆవిడ లిఫ్టు ఆపించింది, పంపుల కింద రబ్బరు పెట్టించింది, ఆఖరికి తనకొచ్చిన దగ్గును కూడా మింగేసింది. ఏమీ తగలలేదు.

"సార్, మీరు గీత గీసిన చోట కణం లేదండీ," అని చెప్పింది.

"శభాషమ్మా!" అంటూ అధ్యక్షులవారు అరచేత్తో గీత చెరిపి, జానెడు ఎడమకు గీశారు. "అంటే ఇంకా తేలికన్నమాట. నీ డిటెక్టరుకు అందదులే."

సంఘం చప్పట్లు కొట్టింది. ఆవిడకు ఒళ్లు మండింది. పంతం పట్టి డిటెక్టరును ఇంకా చురుకు చేసింది. అక్కడా లేదు. మళ్లీ శభాష్, మళ్లీ జానెడు. సిద్ధాంతం ఒక్కసారి కూడా తప్పలేదు. (తప్పే వీలున్న చోట దాన్ని నిలబడనిస్తే కదా!) ఇంత చాకిరీ చూసి ఉద్యోగం ఖాయం చేస్తారని పాపం ఆవిడ ఆశ.

ఒకరోజు ఎడమవైపు బోర్డు అయిపోయింది. కణమే లేదేమోనన్న అనుమానం ఎవరికీ రాలేదు. వడ్రంగిని పిలిపించారు.

అతను గోడ తట్టి చూసి, "పొడిగించొచ్చు గానీ, ఈ పక్కన ఎవరిదో గది ఉందండీ," అన్నాడు.

గది ఆవిడదే. మర్నాడే సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది: ఫలితమేమీ చూపించనందున పరిశోధకురాలి ఉద్యోగం రద్దు, కణం అభ్యర్థిత్వం మరో ఐదేళ్లు పొడిగింపు.

ఆవిడ నేరుగా వెళ్లి నిలదీసింది. "వెతికింది నేను, దొరకనిది అది. ఇంటికి పోవాల్సింది ఎవరు సార్?"

అధ్యక్షులవారు నిజంగానే నొచ్చుకున్నారు.

"అది కనిపించదు కదమ్మా, ఎలా పంపిస్తాం? నువ్వైతే ఎదురుగానే ఉన్నావు."