బాగా తినే చేప కావాలి

మా అమ్మాయి తినదు.

అసలు తినదని కాదు, మూడు ముద్దలు తింటుంది. మొదటిది పొరపాటున, రెండోది మొహమాటానికి, మూడోది నేను ఏడుస్తానేమోనని. నాలుగో ముద్ద దగ్గర పెదాలు రెండూ కలిపి తాళం వేసేస్తుంది. ఆ తాళం చెవి ఎక్కడ దాచిందో దానికే తెలియాలి.

వయసు మూడేళ్లు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని వాళ్ల నాన్న ముద్దుగా 'పిసరు' అన్నారు. ఏ ముహూర్తాన అన్నారో గానీ, పిసరుగానే ఉండిపోయింది.

క్లినిక్‌లో పిల్లల్ని తూచే నర్సు ఉంది. మా వీధి తల్లులందరం ఆవిడని తూకం అక్క అంటాం. ఆవిడ దగ్గర ఒక్కో పిల్లకీ ఒక్కో కార్డు ఉంటుంది. దాని మీద ఓ గీత మెల్లగా పైకెక్కుతూ పోతుంది. పిల్ల బరువుని బట్టి చుక్క పెడతారు. చుక్క గీత దగ్గర ఉండాలి. మా పిసరు చుక్క మాత్రం మెట్ల కింద దాక్కున్న పిల్లిలా ఎక్కడో అడుగున ఉంది. నేను తొమ్మిదో తరగతిలోనే బడి మానేసిన మనిషిని. ఆ లెక్కలన్నీ నాకు తెలియవు. కింద ఉండటం అంటే ఏమిటో మాత్రం తెలుసు.

"రెండు నెలలు చూద్దాం. అప్పటికీ చుక్క కదలకపోతే పెద్ద డాక్టరుకి రాస్తాను. ఇంకోటి, ఫోను చూపించి తినిపించడం మానెయ్" అంది తూకం అక్క.

ఆ రోజు నుంచి నా గుండె గొంతులో కాపురం పెట్టింది.

సరిగ్గా అప్పుడే మా ఇంటికో గాజు తొట్టి వచ్చింది. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. ఆ పని మీద వెళ్లిన మేడలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ "పట్టుకుపోండి" అని ఇచ్చారట. రెండు బకెట్ల నీళ్లు పడతాయి. నీళ్లు వడకట్టే చిన్న మోటారు కూడా ఉంది.

"ఉల్లిపాయలు పోసుకుంటావా?" అన్నారు ఆయన.

"చేపలు పెంచుదామండీ."

ఆయన నా నుదురు మీద చెయ్యి పెట్టి చూశారు. వీధిలో కుక్క తుమ్మితే పిల్లకి జలుబు చేస్తుందని కిటికీ మూసే మనిషిని మరి!

"చేపలు ఇరవై నాలుగు గంటలూ నీళ్లలోనే ఉంటాయి. తడిసిపోతున్నాయని తువ్వాలు పట్టుకుని వెంటపడవు కదా?"

"హాలుకి అందంగా ఉంటుందనీ..."

అందం ఎవరికి కావాలి! నా పథకం వేరు. పిల్లలు పెద్దవాళ్లు చెబితే వినరు, తోటివాళ్లను చూస్తే నేర్చుకుంటారు. బాగా తినే చేపలను తెచ్చి కళ్లెదురుగా పెడితే ఇది కూడా నోరు తెరుస్తుంది. చేపకంటే బాగా నోరు తెరిచి చూపించే పంతులమ్మ ఎక్కడ దొరుకుతుంది, మీరే చెప్పండి? ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే నవ్వుతారు. ఆయన నవ్వితే నా పథకం మీద నాకే నమ్మకం పోతుంది.

చేపల దుకాణం ఓ సన్నని పొడుగాటి గది. రెండు వైపులా నేల నుంచి కప్పు దాకా గాజు తొట్లే. మధ్యలో చేపలాయన, మోచేతుల దాకా తడి, కళ్లజోడు నుదుటి మీద. మొదటిసారి వెళితే చేపలు ఇవ్వనే లేదు.

"ముందు తొట్టి నింపి, మోటారు తిప్పుతూ మూడు వారాలు ఉంచండమ్మా. నీళ్లు కుదురుకోవాలి" అన్నాడు.

మూడు వారాలు ఇంటిల్లిపాదీ కూర్చుని ఉత్త నీళ్లు చూశాం. "కథ కొంచెం నెమ్మదిగా ఉంది" అన్నారు మా ఆయన.

రెండోసారి పిల్లను చంకనేసుకుని మా ఆయనతో కలిసి వెళ్లాను.

"ఏ రంగువి కావాలమ్మా?"

"రంగుదేముంది అన్నయ్యగారూ, బాగా తినేవి ఇవ్వండి."

నుదుటి మీది కళ్లజోడు ముక్కు మీదికి దిగింది. "బాగా అంటే?"

"మారాం చేయకుండా, పెట్టింది పెట్టినట్టు తినాలి. కొంచెం మేత వేయండి, నేను చూసుకుంటాను."

"ఉద్యోగంలోకి తీసుకుంటోందండీ, పరీక్ష పెట్టండి" అన్నారు మా ఆయన.

మొదట బంగారు చేపల తొట్టిలో మేత వేశాడు. అబ్బ, ఏం తిండి అది! ఒకదాన్నొకటి తోసుకుంటూ, బుగ్గలు నింపుకుని, చాలక నీళ్లు కూడా నమిలాయి. నా కడుపు నిండిపోయింది.

"ఇవే! ఇవే ఇచ్చేయండి."

"ఇవ్వను" అన్నాడు. "ఇవి అరచేయి దాటి పెరుగుతాయి. తిన్నంత తిని నీళ్లు పాడు చేస్తాయి. రెండు బకెట్ల నీళ్లలో వీటికి ఊపిరాడదు. తినేవాళ్లకి చోటు ఎక్కువ కావాలమ్మా."

మా ఆయన పొట్ట లోపలికి లాక్కున్నారు.

తర్వాత ఓ గాజు సీసా ఎత్తి చూపించాడు. లోపల పట్టు కుచ్చిళ్లు విప్పినట్టు రెక్కలు పరిచిన ఒకే ఒక్క నీలం చేప. "ఫైటరు. మీ తొట్టికి సరిగ్గా సరిపోతుంది. ఒక్కటే హాయిగా ఉంటుంది."

"అయ్యో, తోడు వద్దా?"

"తోడొస్తే కొడుతుంది. అద్దంలో తన మొహం కనిపించినా యుద్ధానికి వెళుతుంది."

"మనింట్లో ఆ పోస్టు ఖాళీ లేదండీ" అన్నారు మా ఆయన. నేను తిరిగి చూసేసరికి దుకాణం కప్పు ఎత్తు కొలుస్తున్నారు.

ఎర్ర గీత, నీలం గీత మెరిసే సన్నచేపలు నాకు నచ్చాయి. అవి గుంపుగానే బతకాలట. గుంపుకి మా తొట్టి ఇరుకట. ఒకటో రెండో తీసుకెళితే బెదిరిపోయి మూల నక్కుతాయట. బెదిరిపోవడానికి ఇంట్లో నేనొక్కదాన్ని చాలు.

చివరికి గప్పీలు చూపించాడు. చిటికెన వేలంత లేవు, తోకలు మాత్రం విసనకర్రలు. "చిన్నవి, గట్టివి, కలివిడిగా ఉంటాయి. మూడు మగవి ఇస్తాను."

"ఒక ఆడదాన్ని కూడా..."

"ఆడదాన్ని వేస్తే నెల తిరిగేసరికి తొట్టి నిండా పిల్లలు."

ఒక్క పిల్లకి తినిపించడానికే నా ప్రాణం పోతోంది. "మగవే ఇవ్వండి" అన్నాను ఠక్కున.

చిటికెడు మేత వేయగానే మూడూ పైకొచ్చి గుటుక్కుమన్నాయి. చంకలో పిసరు చెయ్యి చాచి "ఆమ్!" అంది. నా గుండె గొంతులోంచి ఓ మెట్టు దిగింది.

ఇంటికొచ్చాం. చేపలాయన చెప్పినట్టే సంచీని కాసేపు నీళ్లలో తేలనిచ్చి, చేపలను మెల్లగా వదిలాం. వదలగానే మూడూ ప్లాస్టిక్ మొక్క వెనక్కి దూరి గోడకి కొట్టిన మేకుల్లా ఆగిపోయాయి.

మర్నాడు మధ్యాహ్నం పిల్లను తొట్టి ముందు కూర్చోబెట్టాను. గిన్నెలో గుడ్డు కలిపిన అన్నం. మేత వేశాను. అది తేలింది. చేపలు మేతను చూశాయి, నన్ను చూశాయి, తోకలు చూపించాయి.

"చూడమ్మా, ఇప్పుడు తింటాయి. నువ్వు ఆమ్ అను."

"చేప తినలేదు."

"తింటుందే తల్లీ!"

"చేప తింటే తింటా."

తాళం పడింది. పంతులమ్మలు సమ్మె చేశారు, పిల్ల సమ్మెలో చేరింది. ఇదివరకు మూడు ముద్దలైనా దిగేవి. నా తెలివితేటల పుణ్యమా అని ఇప్పుడు అవి కూడా పోయాయి.

సాయంత్రం మా ఆయన పని నుంచి వచ్చేసరికి నేను ముక్కు గాజుకి ఆనించి "ఆ... ఆమ్... మా బంగారాలు కదూ, ఒక్కటంటే ఒక్కటి" అని బతిమాలుతున్నాను.

"ఎవరితో?" అన్నారు చెప్పులు విప్పుతూ.

ఏడుపొచ్చింది. పథకమంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు. పక్కన కూర్చుని గడ్డం గోక్కున్నారు.

"అంటే చేపలను చూసి పిల్ల తినాలి. మరి చేపలు ఎవర్ని చూసి తినాలి?"

"అదే తెలియడం లేదండీ."

"నన్ను చూపించు. నేను బాగా తింటాను."

నిజంగానే కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చుని, పళ్లెం నిండా పెట్టించుకుని, చప్పుడు చేస్తూ మొత్తం తిన్నారు. మారు కూడా అడిగారు. చేపలు అటు తిరిగే ఉన్నాయి. పిసరు మాత్రం చప్పట్లు కొట్టింది, నోరు తెరవలేదు.

మేత రుచి నచ్చలేదేమోనని మెత్తగా నూరి వేశాను. కనిపించలేదేమోనని ఇంకాస్త వేశాను. పొద్దున్నకి నీళ్లు గంజిలా తయారయ్యాయి. చేపలాయనకి ఫోన్ చేసి, చేతులు తడిగా ఉన్నాయని స్పీకరు పెట్టి, గాజుకి ముక్కు ఆనించి ఎంత బతిమాలినా చేపలు ముట్టలేదని చెప్పాను.

"ఎంత వేశావమ్మా?"

"మూడు చెంచాలు."

"మూడు చేపలకా, మూడు ఏనుగులకా?"

మిగిలిన మేత వలతో తీసి, పావు వంతు నీళ్లు మార్చమన్నాడు. "ఈ రోజు ఏమీ పెట్టకు. రేపటి నుంచి గోటి మీద నిలిచేంత వెయ్, వేసి వెళ్లిపో. కొత్త చోటు కదా, వాటికి భయం. నువ్వేమో అంత మొహం అద్దానికి ఆనించి నోట్లోకి చూస్తున్నావు. అలా చూస్తే ఎవరు మింగుతారమ్మా?"

నేను సరే సరే అంటూ చీపురుపుల్లతో మొక్క ఆకులు దులుపుతున్నాను. వెనక బొమ్మ పెట్టుకుని ఆడుకుంటున్న పిసరు ఆట ఆపిందని నేను గమనించలేదు.

మర్నాడు మా ఆయనకు సెలవు. తొట్టిలో గోటంత మేత వేశాను. పిల్ల ముందు గిన్నె పట్టుకుని ఎప్పటిలాగే మఠం వేసుకుని, ఎప్పటిలాగే దాని నోటికి జానెడు దూరంలో కూర్చున్నాను.

పిసరు నా మోకాలి మీద రెండు చేతులూ పెట్టి తోసింది. "అమ్మా, పో."

"ఎక్కడికే?"

"అక్కడికి. చేపకి భయం."

"మరి నీకు తినిపించొద్దూ?"

"గిన్నె ఇక్కడ పెట్టు. పో."

మా ఆయన వంటింటి గుమ్మంలోంచి సైగ చేశారు. గిన్నె కింద పెట్టి వెళ్లి గుమ్మం పక్కన నిలబడ్డాను.

"ఇంకా పో. కన్ను కనిపిస్తోంది."

కన్ను కూడా లోపలికి లాక్కున్నాను. గోడకి చెవి ఆనించాను. హాల్లో ఏ చప్పుడూ లేదు. తర్వాత చెంచా గిన్నెకి తగిలింది. ఒకటి. రెండు. మూడు.

నాలుగు!

ఆగలేకపోయాను. "తింటున్నావా నాన్నా?"

"మాట్లాడకు" అంది హాల్లోంచి నిండు నోటితో. "మింగుతున్నాం."

తూకం అక్క సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీరు కూడా నాలాగే బెంగ పెట్టుకుంటారు. రెండో నెల చివర చుక్క గీత దాకా ఎక్కలేదు గానీ, కిందటి చుక్క కంటే బాగా పైనే పడింది. పెద్ద డాక్టరుకి రాయలేదు.

ఆ రోజు మాత్రం నాకు అవేవీ తెలియవు. నాలుగో ముద్ద విని, వంటింట్లో నేల మీద కూలబడ్డాను. మా ఆయన ఓ పళ్లెంలో పొగలు కక్కే అన్నం పెట్టి నా ఒడిలో పెట్టారు.

"నాకెందుకు ఇప్పుడు?"

"పిల్ల పుట్టాక నువ్వు వేడన్నం తినడం నేను చూడలేదు. అది వదిలేసిన చల్లారిన గిన్నె గోక్కుని తింటావు, అదీ నిలబడి. నీకు కార్డు ఇచ్చేవాళ్లు లేరు గానీ, ఇస్తే నీ చుక్క కార్డు మీద కాదు, నేల మీద పడుతుంది."

ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నాలుక కాలింది. అంత వేడిగా ఉంటుందన్న సంగతే మరిచిపోయాను. తల ఎత్తితే ఆయన నా ఎదురుగా గొంతుకూర్చుని, గడ్డం కింద రెండు చేతులూ పెట్టుకుని, కన్నార్పకుండా నా నోటివైపే చూస్తున్నారు.

ముద్ద గొంతులో ఆగిపోయింది.

"ఏవండీ."

"ఊఁ?"

"కాస్త అటు తిరగండి."

తిరిగారు. దిగింది.